తీగ పీకినా ఆగని ఊరు

"నా కంట్రోలర్‌కి తలనొప్పి మందు ఎవరు రాశారు?"

పొద్దున్నే వీధి గదిలోంచి లేచిన ఆ కేక వంటింటి దాకా వచ్చింది. పాలు పొంగే వేళ కావడంతో ఆవిడ వెంటనే కదల్లేదు. మంట తగ్గించి, గిన్నె మీద గరిటె అడ్డం పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"దానికి తలెక్కడుందండీ, మందు రాయడానికి?"

"వేళాకోళం కాదు. వాసన చూడు."

ఆయన ఆ కంట్రోలర్‌ని ఆవిడ ముక్కుకి ఆనించినంత పని చేశాడు. నిజమే, ఘాటుగా బామ్ వాసన. బొటనవేళ్ళు ఆనే రెండు గుండీలూ నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

"దుమ్ము దులిపేటప్పుడు నువ్వే మందు చేతులతో పట్టుకుని ఉంటావు."

"నేను మందు రాసుకున్నానని మీతో ఎవరు చెప్పారు? మీతో వచ్చే తలనొప్పి మందుతో పోయేదైతే ఈపాటికి సీసాలు సీసాలు ఖాళీ అయ్యేవి."

"అదిగో, మొదలుపెట్టావు."

"మొదలుపెట్టింది మీరు. మొన్న నా చక్కెర డబ్బాలో స్క్రూలు పోసిందెవరు?"

"అది ఖాళీ డబ్బా!"

"అడుగున చక్కెర ఉంది. నేను టీలో స్క్రూ కలుపుకున్నాను."

"తాగలేదుగా!"

పక్క గదిలోంచి ఆయన తల్లి గొంతు వినిపించింది. "పొద్దున్నే ఆ గోలేంట్రా? ముసలిదాన్ని కాసేపు నిద్రపోనివ్వరా?"

ఆవిడ ఆ మాటని మనసులో ఒక మూల దాచుకుంది. అత్తయ్య తెల్లారకముందే లేచే మనిషి. ఈ వేళప్పుడు నిద్రేమిటి? పైగా ఆ గొంతు నిద్రలోంచి వచ్చినట్టు లేదు, తేనె పూసుకుని వచ్చినట్టుంది.

ఇలాంటివి పట్టుకుంటుందనే ఆయన ఆవిడకి 'ఇన్‌స్పెక్టరమ్మ' అని పేరు పెట్టాడు. ఆయనకి పేరు పెట్టింది మాత్రం వీధి వీధంతా. పాడైన వీడియో గేమ్ పెట్టె ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాల్సిందే. అందుకే ఆయన 'డబ్బాల డాక్టరు'. మూత తీయకుండానే, పైన అరచెయ్యి ఆనించి వేడిని బట్టి, చెవి ఆనించి ఫ్యాను రొదని బట్టి రోగం చెప్పేస్తాడు. ఏ పెట్టె ముట్టుకున్నా ముందు దాని తీగలన్నీ పీకేస్తాడు. "ముందు తీగ పీకు, తర్వాత ఆలోచించు" అన్నది ఆయన వేదం. ఇంకోటి కూడా ఉంది. "పెట్టె లేనిదే ఆట లేదు. ఆట ఎంత బరువైతే పెట్టె అంత బలంగా ఉండాలి." ఈ మాట చెప్పకుండా ఒక్క బేరాన్నీ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

ఆ నమ్మకమే ఇప్పుడు ఇంటి మీదికి చిక్కు తెచ్చింది. ఆయనకి పని నేర్పిన గురువు మోకాళ్ళ నొప్పులని చెప్పి షాపు మూసేస్తున్నాడు. అందులోని పాత పెట్టెలూ, బోర్డులూ, ఫ్యాన్లూ అన్నీ శిష్యుణ్ణే తీసుకోమన్నాడు. ఆదివారం బండి వస్తుంది. వీధి గదిలో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు. మరి సరుకెక్కడ దింపాలి?

"అమ్మ గదిలో. వీధి వైపు కదా, అనువుగా ఉంటుంది. అమ్మని మేడమీది గదిలోకి మారుద్దాం."

వారం కిందట ఆ మాట విన్నప్పుడు ఆవిడ చేతిలోని గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "మేడమీదికా? ఆవిడ పడి తుంటి విరగ్గొట్టుకున్నది మెట్ల మీదే కదండీ!"

"ఒకసారి ఎక్కిస్తే చాలు కదా. ఏడాదిగా గది దాటి వచ్చిందా? ఎలాగూ బయటికి రాదు, ఏ గదైతేనేం? నువ్వే మెల్లగా చెప్పు. నువ్వు చెప్తే వింటుంది."

ఏ గదైతేనేం! ఆ గది కిటికీలోంచే పెద్దావిడ వీధిని పలకరిస్తుంది. పేపరు వేసేవాడు ఆలస్యంగా వస్తే నిలదీసేది ఆ కిటికీలోంచే. ఎదురింటి పిల్లవాడు గొడుగు లేకుండా పోతుంటే కేకేసేదీ అక్కడినుంచే. ఆ మాట చెప్పడానికి నోరు రాక ఆవిడ రోజులు నెట్టుకొచ్చింది. ఇవాళ శుక్రవారం. ఇక నెట్టడానికి రోజులు కూడా లేవు.

కంట్రోలర్‌ని గుడ్డతో తుడిచి, అరలో పడేసి డాక్టరు బల్ల ముందు కూర్చున్నాడు. వాళ్ళ కూతురు, ఇంట్లో అందరూ 'పిడుగు' అని పిలిచే పిల్ల, కాలేజీకి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ నానమ్మ గదిలోకి వెళ్ళింది. ఎప్పుడూ భుజానికి వేలాడే సంచి ఇవాళ కడుపుకి అదుముకుని ఉంది. బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ భుజాన వేలాడుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ అదీ చూసింది. కానీ పొయ్యి మీద కూర ఉంది.

మధ్యాహ్నం అంట్లు తోముతుంటే మళ్ళీ కేక. ఈసారి కోపం కాదు, భయం.

"ఇన్‌స్పెక్టరమ్మా! ఇలా రా! ఉన్నపళంగా రా!"

సబ్బు చేతులతోనే పరిగెత్తింది. ఆయన కుర్చీలో కొయ్యబారిపోయి ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద వాళ్ళింటి గేమ్ పెట్టె, మూత ఊడి, పేగులు బయటపడ్డట్టు తీగలతో పడి ఉంది. దాని పెద్ద బోర్డు ఓ పక్క, ఫ్యాను ఓ పక్క. కావలసిన చిప్పు రాక నెల దాటి అలాగే ఉంది. ఆయన చేతిలో ఫోను.

"చదువు."

ఆవిడ చదివింది. *మీ ఖాతాలో ఆట నడుస్తోంది.*

"అయితే?"

"అయితే ఏంటి! పిల్ల ఊరు కట్టుకుంది చూడు, ఆ ఆట. అది ఈ పెట్టెలో ఉంది. ఈ పెట్టె ఇదిగో, చచ్చి పడుంది. గుండె ఇక్కడుంది, ఊపిరితిత్తులు అక్కడున్నాయి. మరి ఆడుతున్నదెవరు?"

ఆవిడ పెట్టె వంక చూసింది, ఫోను వంక చూసింది. శవం లేచి నడుస్తోందని ఎవరో కబురు తెచ్చినట్టు ఒళ్ళు జలదరించింది. రెండేళ్ళుగా పిడుగు ప్రాణం పెట్టి కట్టుకున్న ఊరది. పెట్టె పాడైనప్పుడు ఆ పిల్ల ఇల్లు పీకి పందిరి వేస్తుందనుకున్నారు. నోరెత్తలేదు. అప్పుడే అనుమానం రావలసింది.

"దొంగ! ఖాతాలో దొంగ పడ్డాడు!" అంటూ డాక్టరు హాల్లోకి దూకాడు. గోడకి ఉన్న నెట్ డబ్బా తీగని, ముందూ వెనకా చూడకుండా, వేదం తప్పకుండా పీకి పారేశాడు. "ఇప్పుడాడు చూద్దాం!"

సరిగ్గా అప్పుడు పెద్దావిడ గదిలోంచి గావుకేక.

"అయ్యో! పడవ ఏటి మధ్యలో ఆగిపోయిందే! పిల్ల ఉందే అందులో!"

పడవేమిటి? ఏరేమిటి? అత్తయ్యకి మతి చలించలేదు కదా అనుకుంటూ ఆవిడ ముందు పరిగెత్తి తలుపు తోసింది. తోసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఒకరు పట్టుకుంటే తప్ప లేచి కూర్చోలేనని ఏడాదిగా చెబుతున్న మనిషి మంచం అంచున నిటారుగా కూర్చుని ఉంది. కాళ్ళు నేల మీద ఆనించి ఉన్నాయి. దుప్పటి కింద పడి ఉంది. రెండు చేతుల్లో పొద్దుటి కంట్రోలర్. పక్కనే మూత తీసిన బామ్ సీసా. గోడకున్న టీవీలో ఒక ఏరు, మధ్యలో పడవ, పడవలో చిన్న పిల్ల, వాటన్నిటి మీద గిరగిరా తిరుగుతున్న ఒక చిన్న చక్రం.

పెద్దావిడ వీళ్ళని చూసి తొట్రుపడలేదు. ఎదురు గద్దించింది. "తీగ పీకిందెవర్రా?"

డాక్టరు టీవీ చుట్టూ చూశాడు.

"అమ్మా... పెట్టె ఏదే?"

"ఏ పెట్టె?"

"ఆట పెట్టె! ఎక్కడ దాచావు?"

"నేనేం దాచలేదు. వెతుక్కో."

ఆయన నిజంగానే వెతికాడు. టీవీ వెనక టార్చి వేశాడు. మంచం కింద దూరాడు. బీరువా తెరిచి దుప్పట్లు తడిమాడు. టీవీకి కరెంటు తీగ ఒక్కటే ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని, గోడ దాకా పాక్కుంటూ వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. చివరికి టీవీ బల్ల సందులోంచి దుమ్ము పట్టిన ఒక చెప్పు పట్టుకుని లేచాడు.

"దొరికిందా!" అంది పెద్దావిడ సంతోషంగా. "పడిన రోజు నుంచీ ఆ చెప్పు కోసమే చూస్తున్నా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో దొంగ ఎదురుగా కూర్చుని చెప్పు తుడుచుకుంటోంది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీవీలో చానలు మార్చమని రోజూ తనని కేకేసి పిలిచే అత్తయ్యేనా ఈవిడ?

"అత్తయ్యా, మీకు చానలు మార్చడం రాదన్నారు!"

"చానలు మార్చడం రాదమ్మాయ్. పడవ నడపడం వచ్చు."

కాలేజీ నుంచి పిడుగు వచ్చేసరికి ఇల్లు కోర్టులా ఉంది. నాన్న కుర్చీలో, అమ్మ గోడకి ఆనుకుని, నానమ్మ మంచం మీద. పిల్ల గుమ్మంలోనే విషయం గ్రహించింది.

"దొరికిపోయావా నానమ్మా?"

"నేను దొరకలేదే, మీ నాన్నే నా పడవ ఆపి పట్టించాడు."

"నేనే పెట్టి ఇచ్చాను నాన్నా," అంది పిడుగు సంచి దింపుతూ. "మన పెట్టె పాడయ్యాక. మన ఖాతా ఆ టీవీలో కలిపాను. నీకు చెప్తే బాధపడతావని..."

"బాధ సంగతి తర్వాత. పెట్టె లేకుండా ఆట ఎక్కడ నడుస్తోంది? అది చెప్పు."

"దూరంగా పెద్ద పెద్ద కట్టడాలుంటాయి, నిండా కంప్యూటర్లు. క్లౌడ్ అంటారు. ఆట అక్కడ నడుస్తుంది. మన గుండీ నొక్కుడు అక్కడికి పోతుంది, బొమ్మ ఇక్కడికి వస్తుంది. వంటంతా ఎక్కడో పెద్ద వంటశాలలో జరిగి, పళ్ళెం మాత్రం మన బల్ల మీదికి వచ్చినట్టు. ఇంట్లో పొయ్యి లేకపోయినా ఫరవాలేదు."

"పళ్ళెం దారిలో ఆగిపోతే?" డాక్టరు కళ్ళలో చిన్న వెలుగు. "తీగ పీకాను, ఆగిందా లేదా? నా పెట్టె ఉంటే నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు."

"అది నిజమే. నెట్ పోతే ఇక్కడ ఆగుతుంది. కానీ అక్కడ ఆగదు, చూడు."

పిడుగు తన ఫోనులోని సొంత నెట్‌తో ఊరు తెరిచింది. డాక్టరు ఒక చేత్తో పీకిన తీగ కొస ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఫోనులో ఆ ఊరు హాయిగా నడుస్తోంది. ఇళ్ళ గొట్టాల్లోంచి పొగ లేస్తోంది. ఎవరో బండి తోలుకుపోతున్నారు. పడవ ఒడ్డున కట్టేసి ఉంది. పక్కన ఎవరో రాసిన మాట: *పెద్దమ్మా, పిల్లని దింపేశాను. కరెంటు పోయిందా?*

"ఎవరే ఇతను?" అన్నాడు డాక్టరు.

"ఏమో. ఏ దేశంలో ఉన్న తెలుగువాడో. నానమ్మ స్నేహితుడు."

"నా తాపీమేస్త్రీ," అని సరిదిద్దింది పెద్దావిడ. "మంచివాడు, కానీ గోడ వంకరగా కడతాడు."

డాక్టరు చేతిలోని తీగ కొస వంక చూశాడు. ఎన్నేళ్ళ నుంచో తను తీగ పీకితే ఆట ఆగేది. అది రాయిలాంటి సత్యం. ఇప్పుడు తీగ చేతిలో ఉంది, ఊరు ఆగలేదు.

"ఇది కొత్త టీవీ గారడీ," అన్నాడు మొండిగా. వీధి గదిలోకి వెళ్ళి అట్టడుగు అరలోంచి ఒక డొక్కు పెట్టె తెచ్చాడు. కొత్త ఆటల పేరు చెబితేనే వేడెక్కి, రంకెలు వేసి ఆగిపోయే రకం. దానికి ఇక మందు లేదని ఆయనే చేతులెత్తేశాడు. "దీంట్లో ఆడించు. ఈ ఏడు వచ్చిన బరువైన ఆట ఏదైనా సరే. అప్పుడు నమ్ముతా."

నెట్ తీగ మళ్ళీ పెట్టారు. పిడుగు ఏవేవో నొక్కింది. కాసేపు చక్రం తిరిగింది. తర్వాత తెర నిండా పర్వతాలు, వాటి మీద మంచు, మంచులో గుర్రాల గుంపు. ఒక్కో గుర్రం జూలులో ఒక్కో వెంట్రుకా విడివిడిగా ఊగుతోంది.

డాక్టరు తెర చూడలేదు. అలవాటుగా వెళ్ళి పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీసి, మళ్ళీ ఆనించాడు. తర్వాత వంగి చెవి పెట్టాడు.

"చల్లగా ఉంది," అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు. "ఫ్యాను కూడా తిరగట్లేదు. ఇంత ఆట నడుస్తుంటే... ఇది చల్లగా ఉంది."

ఎన్నో పెట్టెలకి ప్రాణం పోసిన చెయ్యి ఆ చల్లదనం మీద అలా వాలి ఉండిపోయింది. పక్కింటివాళ్ళ పోరుకి లొంగని మనిషి, కరెంటు షాకు తగిలినా నవ్వే మనిషి, చల్లని పెట్టెని ముట్టుకుని అదిరిపోయాడు.

ఆయన్ని చూడలేక ఇన్‌స్పెక్టరమ్మ పిల్ల ఫోను వైపు తిరిగింది. ఊరు ఇంకా అందులో ఉంది. ఆ ఊరు ఆవిడకి తెలుసు. పిడుగు కడుతున్నప్పుడు దుమ్ము దులుపుతూ వెనకనుంచి చూసేది. కొండ మీద బడి, బడికి పొడవైన మెట్లు, ఏటి గట్టుకి మెట్లు, సంతకి మెట్లు. ఇప్పుడు ఏదో తేడాగా ఉంది. ఎక్కడో అర్థం కాలేదు. వేలితో వీధి వీధీ జరిపి చూసింది.

"పిడుగూ, ఈ బడికి మెట్లుండేవి కదే?"

"అన్నీ తీసేసింది నానమ్మ. ఊరంతా. మొదట చూసినప్పుడు నేను ఏడ్చినంత పని చేశాను."

"అన్నీనా?"

"ఒక్క గుమ్మానికి కూడా లేవు చూడు. అంతా ఏటవాలు బాటలే."

"మెట్లెందుకమ్మాయ్?" అంది పెద్దావిడ, చెప్పుని ఒళ్ళో తిప్పుకుంటూ. "ఊళ్ళో ఎక్కలేనివాళ్ళు ఉండరా? వాళ్ళు మాత్రం సంతకి వెళ్ళొద్దా?"

ఏడాదిగా గది దాటని మనిషి రోజూ ఒక ఊరంతా తిరుగుతోంది. పనివాళ్ళని పెట్టుకుని బాటలు వేయిస్తోంది. ఆ మనిషికా 'ఏ గదైతేనేం' అన్నది? కోడలు మొగుడి వైపు చూసింది. ఆయన చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది. కానీ కళ్ళు మేడమెట్ల వైపు ఉన్నాయి.

తర్వాత ఆయన వీధి గదిలోకి వెళ్ళి గురువుకి ఫోను చేశాడు. ఇన్‌స్పెక్టరమ్మకి గోడ చాటున నిలబడి వినే అలవాటు లేదు. అందుకని గుమ్మంలోనే నిలబడి వింది.

"పెట్టె లేకుండా ఆడుతున్నారు, మీకు తెలుసా?... తెలుసా?... మరి మోకాళ్ళన్నారు?" చాలాసేపు వింటూ ఉండిపోయాడు. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" మళ్ళీ వినడం. ఫోను పెట్టేసి భార్య ముఖంలోకి చూశాడు.

"చెప్తే నువ్వు నమ్ముతావా అన్నాడు. పెట్టె లేని ఆట ఉందంటే నన్ను నా బల్ల మీదే ఊడదీసేవాడివి అన్నాడు."

"అబద్ధమా?"

"కాదు," అని ఒప్పుకున్నాడు.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ముగ్గురికే పళ్ళాలు పెట్టడం ఏడాదిగా అలవాటు. పెద్దావిడ పళ్ళెం గదిలోకి వెళ్తుంది. ఇవాళ కోడలు కూర వడ్డించి, ఆ పళ్ళెం పట్టుకుని తిరిగేసరికి పెద్దావిడ గోడ పట్టుకుని, మనవరాలి భుజం మీద చెయ్యి వేసి, దొరికిన చెప్పు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. గరిటె గిన్నెలో జారిపడింది. డాక్టరు కుర్చీ తన్నేసినంత పని చేసి లేచాడు.

"అలా దెయ్యాన్ని చూసినట్టు చూస్తారేంట్రా? కుర్చీ వెయ్యండి."

కూర్చున్నారు. ఎవరి ముద్ద వాళ్ళు కలుపుకుంటున్నారు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆవిడ ఉప్పు గిన్నె అత్తయ్య ముందుకి జరిపి, మెల్లగా అంది: "అత్తయ్యా, మీ అబ్బాయి మీకొక మాట చెప్పమన్నారు. ఆదివారం—"

డాక్టరుకి పొలమారింది. నీళ్ళు తాగి, పెళ్ళాం వైపు ఒక చూపు చూశాడు.

"నేనే చెప్తాను. ఆదివారం బండి రావట్లేదు. గురువుగారి సరుకు తీసుకోవట్లేదు. తెచ్చిన పెట్టెలు బాగుచేస్తాను, కాదనను. కానీ కొత్తగా పోగుచెయ్యను. ఇకనుంచి నా బల్ల కంట్రోలర్లకే." పొద్దుటి కంట్రోలర్‌ని తల్లి పళ్ళెం పక్కన పెట్టాడు. "ఆట ఏ మబ్బుల్లోకి పోయినా, దీన్ని చేత్తో పట్టుకోవాల్సిందే కదా. అమ్మలాంటివాళ్ళ కోసం గుండీలు మెత్తగా, వేళ్ళు నొప్పెట్టకుండా చేస్తాను. బామ్ అక్కర్లేకుండా."

"అంతేనా చెప్పమన్నది?" అని అడిగింది పెద్దావిడ కోడల్ని. కళ్ళు మాత్రం కొడుకు మీదే.

కోడలు కూర గిన్నె మీద మూత పెట్టింది. డాక్టరు తల దించుకున్నాడు.

"నీ గది నీదేనమ్మా," అన్నాడు పళ్ళెం వైపు చూస్తూ. "మేడమీదికి మారుద్దామనుకున్నాను. తప్పయింది."

"తెలుసులే. ఆ గోడకి చెవులున్నాయి. అవి నావే." పెద్దావిడ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మెల్లగా చెప్పింది. "నేనూ ఒకటి నిర్ణయించుకున్నాను. మన వీధి గుమ్మం ముందు మెట్లున్నాయే, రేపు మేస్త్రీని పిలిచి పగలగొట్టించు. ఏటవాలుగా బాట వేయించు. సోమవారం పొద్దున ఆ పేపరు వాణ్ణి నేను వీధిలో నిలబడి అడుగుతాను."

ముగ్గురూ ముద్దలు చేత్తోనే పట్టుకుని ఆవిడ వంక చూస్తూ ఉండిపోయారు.

"బాట వంకరగా ఉంటే ఒప్పుకోను," అంది పెద్దావిడ. "అమ్మాయ్, ఇంకాస్త కూర వెయ్యి."